రేసు కారుకి పెళ్ళి మెరుగు

సిగ్గుతో చచ్చిపోయాను అని అందరూ తేలిగ్గా అనేస్తుంటారు. అదంతా ఉత్త మాట. సిగ్గుతో మనిషి చావడు. చస్తే బాగుండునని బాపట్ల అవతల ఒక మైదానంలో పట్టపగలు ఎదురుచూసినవాణ్ణి, నాకు తెలుసు. ఒంటి మీద బనీను, చేతిలో విప్పిన చొక్కా, ముందు తలుపు తీసి ఉన్న కారు, వెనక వేడుక చూస్తున్న జనం. మోకాళ్ళ మీద కూర్చుని బ్రేకు పెడల్ తుడుస్తూ, ఇప్పుడొస్తుందా ఇంకాసేపటికి వస్తుందా అని చావు కోసం చూశాను. రాలేదు. రాలేదు కాబట్టే ఈ సంగతి మీకు చెప్పుకోవాల్సి వస్తోంది. నవ్వుకోండి, నవ్వుకోవడానికే చెబుతున్నాను. ఒక్క చోట మాత్రం నవ్వు రాదు. అక్కడికి వచ్చినప్పుడు నేనే చెబుతాను.

నాకు తెనాలిలో కార్ల అలంకరణ షాపు ఉంది. సీటు కవర్లు, మ్యాట్లు, రకరకాల హారన్లు, వెనక అద్దం మీద పిల్లల పేర్లు, అన్నీ మా దగ్గర దొరుకుతాయి. అయితే నాకు పేరొచ్చింది వీటితో కాదు, పెళ్ళి కార్లతో. ఇటు కొల్లిపర నుంచి అటు వేమూరు దాకా ఏ పెళ్ళికొడుకు కారెక్కినా దానికి పూలు కట్టింది, మెరుగు పెట్టింది నేనే. మెరుగంటే బజారులో కొన్న సీసా కాదండోయ్. నా సొంత తయారీ. గ్లిజరిన్, ఒక రకం నూనె, మల్లెపూల సెంటు. ఇంకొకటి కూడా కలుపుతాను, అది చెప్పను. ఇంత జరిగాక కూడా వ్యాపారం వ్యాపారమే. ఆ పాలిష్ ఒకసారి పెడితే డ్యాష్‌బోర్డులో మొహం చూసుకుని పెళ్ళికొడుకు బాసికం సర్దుకోవచ్చు. దాంతో కార్ల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. నిజానికి నాకు తెలిసిందల్లా కారు చర్మం గురించే. ఆ చర్మం లోపల ఏముందో మా చెల్లెలు హేమకి తెలుసు.

హేమని రేపల్లె ఇచ్చాం. వాళ్ళ మామగారు సాంబశివరావు గారికి ఆ చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నాయి. చెరువుల మీద తిరగడానికి ఒక చిన్న కారు కొనమని కొడుకుతో అంటే, మా బావ చిన్న కారే కొన్నాడు గానీ, చూడ్డానికి మాత్రమే చిన్నదాన్ని కొన్నాడు. లోపల ఉన్న ఇంజిను దానికి రెండింతల కారుని లాగగలదు. ఆక్సిలరేటరు మీద కాలు ఆనిస్తే చాలు, ముందుకు దూకేది. బావ ఒకసారి నడిపి, గట్టు మీద నుంచి నీళ్ళలోకి పోయినంత పని చేసి, మళ్ళీ దాని జోలికి పోలేదు. అప్పట్నించీ దాన్ని హేమే నడిపేది.

నడుపుతూ నడుపుతూ మా చెల్లికి ఆటోక్రాస్ పిచ్చి పట్టింది. ఆటోక్రాస్ అంటే కార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తే పందెం కాదు. ఖాళీ మైదానంలో రబ్బరు కోన్లు పెట్టి, వాటి మధ్య నుంచి వంకర్లు తిరుగుతూ పోవాలి. ఒక్కో కారునీ విడిగా రెండుసార్లు వదులుతారు, వాటిలో తక్కువ టైమే లెక్క. చివర్న సున్నంతో గీసిన గడిలో ఆపాలి. కోను తగిలితే టైము కలుపుతారు, గడి దాటితే ఆ రౌండు చెల్లదు. ఎవరు తక్కువ టైములో వస్తే వాళ్ళు గెలిచినట్టు. హేమ వేమూరులో మూతపడిన ఒక రైసుమిల్లు కళ్ళంలో బక్కెట్లు బోర్లించి దీన్ని సాధన చేసింది. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా నేను బక్కెట్లు నిలబెట్టేవాణ్ణి. మొదట్లో పరుగులు పెట్టి నిలబెట్టేవాణ్ణి. పోను పోను నాకు అక్కడ పనిలేకుండా పోయింది, అంత బాగా నడిపేది.

వాళ్ళ మామగారు కాదనలేదు, ఔననీ అనలేదు. బాపట్లలో ఆటోక్రాస్ పెడుతున్నారని తెలిశాక హేమ ఆయన్నే అడిగింది, ఈ ఏడాది పందేలన్నిటికీ కారు తీసుకెళ్ళనా అని. ఆయన తాపీగా ఆలోచించి, బాపట్లకి తానూ వస్తానన్నారు. కళ్ళతో చూసి, ఇది ఒట్టి సరదానా, నిజంగా చేతనైన విద్యా అన్నది తేల్చుకుంటానన్నారు. విద్యయితే కారు హేమది. సరదా అయితే కారు చెరువుల మీద మేత బస్తాలు మోస్తుంది. కాబట్టి ఆ రోజు పందెం మిగతావాళ్ళకి కప్పు కోసం, మా చెల్లికి మాత్రం కారు కోసం.

ఇంత పెద్ద సందర్భానికి కారుని సిద్ధం చెయ్యడానికి తెనాలిలో అన్న ఉన్నాడు కదా, ఆ అన్నకి షాపు కూడా ఉంది కదా. నేను వెనక్కొక రెక్క బిగిద్దామన్నాను. హేమ రూలు ఒప్పుకోదంది. సైలెన్సరు మార్చి కాస్త గర్జించేలా చేద్దామన్నాను. రూలు ఒప్పుకోదంది. చక్రాలు వెడల్పువి వేద్దామన్నా అదే మాట. తను పేరిచ్చింది స్టాక్ క్లాసులో. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో కారు అలాగే ఉండాలి. ఇంజిను ముట్టుకోకూడదు, స్ప్రింగులు ముట్టుకోకూడదు, టైరు సైజు మారకూడదు. టైర్లలో గాలి మన ఇష్టం. వదులుగా ఉన్న సామాను మాత్రం అంతా తీసెయ్యాలి. అలా స్టెప్నీ, జాకీ, మ్యాట్లు అన్నీ దింపేశాం. డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి కూడా దింపాల్సి వస్తే మా అమ్మ ఆ పూట అన్నం మానేసింది.

"మరి నేనేం చెయ్యను?" అని అడిగాను.

"నువ్వేం చెయ్యకు అన్నయ్యా. నీకు దండం పెడతా," అంది.

నాకు రోషం వచ్చింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కార్లకి పూలు కట్టే చేతులివి, సొంత చెల్లెలి కారు దగ్గర ఊరికే ఉండాలట. బాపట్ల వెళ్ళే రోజు పొద్దున పాలిష్ డబ్బా ఒక సంచిలో పెట్టుకుని, సంచి మీద తువ్వాలు కప్పి, మంచిబాలుడిలా వెళ్ళి కారెక్కాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాను, ఫోటోలు తీస్తారని.

మైదానం ఒక వెంచరు వాళ్ళది. ప్లాట్లు వెయ్యకముందు చదును చేసి రోలరు తొక్కించిన మట్టి నేల. ఒక పక్క షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, టీ. సాంబశివరావు గారు తెల్ల పంచెలో వచ్చి, సున్నం గడికి ఎదురుగా ముందు వరసలో కూర్చున్నారు. మా బావ రాలేదు, ఆ రోజే చెరువులో రొయ్యలు పడుతున్నారు. కార్లు రూలు ప్రకారం ఉన్నాయో లేదో చూసేది కరీముల్లా సార్. చాలా నిదానస్థుడు. మా కారు బానెట్ ఎత్తి చూశాడు, కిందకి వంగి చూశాడు, టైరు మీద అచ్చైన సైజు చదివాడు, బాగుందమ్మా అన్నాడు. ఆ తర్వాత పోటీదార్లందరినీ ట్రాకు చూసుకోవడానికి నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. హేమ వాళ్ళతో వెళ్ళింది. వెళ్తూ తాళం నా చేతికిచ్చింది. ఇచ్చేముందు కాస్త ఆలోచించిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

కారు దుమ్ము కొట్టుకుని ఉంది. ఎదురుగా వియ్యంకుడి హోదాలో సాంబశివరావు గారు కూర్చుని ఉన్నారు. ఈ అవతారంలో కారుని నలుగురి ముందుకీ పంపితే మా ఇంటి పరువేం కావాలి? అయినా నేను తొందరపడలేదు. రూలంటే నాకూ గౌరవమే. నేరుగా కరీముల్లా సార్ దగ్గరికి వెళ్ళాను.

"సార్, కారు కడగొచ్చా అండి?"

"కడుక్కోండి."

"తుడవొచ్చా అండి?"

"తుడుచుకోండి."

"మరి పాలిష్ పెట్టొచ్చా అండి?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తన ఇన్నేళ్ళ అనుభవంలో ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. "అందం మీద రూలేం లేదండి," అన్నాడు.

అంతే, ఇక నన్ను పట్టేవాడు లేడు. బయటంతా రుద్దాను. లోపలికి దూరి డ్యాష్‌బోర్డు రుద్దాను. స్టీరింగు చుట్టూ దట్టంగా పట్టించాను. గేరు రాడ్డు, హ్యాండ్‌బ్రేకు, లెదరు సీట్లు. పెళ్ళి కార్లకి పెడల్స్ కూడా వదలను నేను. పెళ్ళికూతురు చీర కుచ్చిళ్ళకి మరక అంటకూడదని వాటినీ తుడిచి మెరుగు పెడతాను. పెళ్ళికూతురు వెనక సీట్లో కూర్చుంటుంది కదా, బ్రేకుతో ఆవిడకేం పని అని మీరడగొచ్చు. నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. పెళ్ళి కారు ఎలాగూ మేళం వెనక నడక మీద పోతుంది కాబట్టి ఏ డ్రైవరూ ఫిర్యాదు చెయ్యలేదు. చివరికి టైర్లు. పక్కలు పూశాక డబ్బాలో కొంచెం మిగిలింది. దాచి ఏం చేసుకుంటానని నేలకి తగిలే భాగానికి కూడా పూశాను. దూరంగా నిలబడి చూసుకుంటే నాకే కళ్ళు చెదిరాయి.

ట్రాకు చూసి హేమ పరుగున వచ్చింది. దాని నంబరు అప్పటికే పిలిచేస్తున్నారు. హెల్మెట్ తగిలించుకుని, కారు వంక సరిగ్గా చూడకుండానే ఎక్కి బెల్టు పెట్టుకుంది. ఎక్కాక మాత్రం నా వైపు తిరిగింది. హెల్మెట్లోంచి కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ కళ్ళు పెద్దవయ్యాయి. మురిసిపోతోందనుకుని బొటనవేలు ఎత్తి చూపించాను. ఇంతలో జెండా ఊపారు.

కారు ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటూ కాసేపు నిలబడింది. టైర్లకి మట్టి అంటుకుని, నువ్వుల్లో దొర్లించిన ఉండల్లా తయారయ్యాయి. తర్వాత ఒక్కసారిగా దూకింది. మొదటి మలుపులో స్టీరింగు దాని చేతుల్లో నిలవలేదు. రెండో మలుపులో సీటు మీద నిలవలేక తను ఆ పక్కకీ ఈ పక్కకీ జారుతోంది. కోన్లు పడుతున్నాయి. వేమూరు కళ్ళంలో ఒక్క బక్కెట్టుని తాకని పిల్ల, ఇక్కడ ఏరుకుంటూ పోతున్నట్టు ఒక్కో కోనునీ కొట్టుకుంటూ వచ్చింది. చివర్న గడి. బ్రేకు వెయ్యాలి. వేసింది కూడా, మనిషి ఒక్కసారి పక్కకి ఒరగడం అద్దంలోంచి నాకు కనిపించింది. కారు గడి దాటింది, జనానికి అడ్డంగా కట్టిన తాడు తెంచుకుంది, షామియానా వైపు వచ్చింది. జనం చెల్లాచెదురయ్యారు. హ్యాండ్‌బ్రేకుని రెండు చేతులా పట్టి లాగింది కాబోలు, గిర్రున తిరిగి, సాంబశివరావు గారి కుర్చీకి జానెడు దూరంలో ఆగింది. ఆయన లేవలేదు. ధైర్యంతో కాదు, మోకాళ్ళు సహకరించలేదని తర్వాత చెప్పారు. చేతిలో టీ మాత్రం పంచె మీద పడింది.

నవ్వు రాని చోటు ఇదేనండి.

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను. చెల్లి దగ్గరికి కాదు, ఆయన దగ్గరికి. ఎవరూ అడగకముందే మొదలుపెట్టాను. పిల్ల కంగారుపడిందన్నాను. జనాన్ని చూస్తే మొదట్నించీ దానికి అంతేనన్నాను. ఇంకా ఏదో చాలక, "ఎంతైనా ఆడపిల్ల కదండి మావయ్య గారూ," అన్నాను. హేమ అప్పటికి దిగి నా వెనకే నిలబడి ఉంది. అరచేతులు చున్నీకి తుడుచుకుంటోంది. చున్నీ తళతళ మెరుస్తోంది, మల్లెపూల వాసన గుప్పుమంది. ఆ వాసన తగలగానే నాకు మొత్తం అర్థమైపోయింది. అర్థమయ్యాక ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. అది చెబుతుందేమోనని భయపడుతూ దాని మొహం చూశాను. అది నా మొహం చూసింది. చూసి, ఆయన వైపు తిరిగి, తప్పు తనదేనంది. ఇంకో రౌండు ఉంది, ఒక్కసారి చూడమని మెల్లగా అడిగింది.

"చాల్లేమ్మా," అన్నారాయన. కోపం లేదు ఆ మాటలో, నిర్ణయం ఉంది. "దెబ్బలు తగల్లేదు, అంతే చాలు. ఇంటికి పోదాం. నేనే నడుపుతాలే."

హేమ తాళం ఇచ్చేసింది. ఇన్నాళ్ళ సాధన, బక్కెట్లు, ఏడాది పందేలు, అన్నీ ఆ తాళంతో పాటు ఆయన చేతిలోకి వెళ్ళిపోయాయి. నేను నా చెప్పుల వంక చూస్తున్నాను.

ఆయన వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. కూర్చున్నారని అనడం నా మర్యాద. పంచె మీద సర్రున జారి, సగం మనిషి గేరు రాడ్డు మీదకి పోయారు. ఆధారానికి స్టీరింగు పట్టుకుంటే అదీ జారింది. కాలు బ్రేకు మీద పెట్టి చూశారు, జారింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ జారింది. ఆయన నిదానంగా అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"అబ్బాయ్, ఇలా రా," అన్నారు.

వెళ్ళాను.

"ఏంటిది?"

"పాలిష్ అండి."

"బ్రేకుకా?"

"అన్నిటికీ అండి."

ఆయన నన్ను వదిలేసి కోడలి వైపు చూశారు. "నీకు తెలుసా అమ్మా?"

హేమ తల వంచుకుంది. "ఎక్కగానే తెలిసింది మావయ్య గారూ."

"మరి ఇందాక చెప్పలేదేం?"

"అన్నయ్య ఇష్టంగా పెట్టాడు. మీ ముందు చిన్నబోతాడని," అంది.

నేను చావు కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టింది ఇక్కడి నుంచే. పుట్టింటివాడి పరువు అత్తింటివాళ్ళ ముందు పోకూడదని, కారు వదులుకోవడానికి సిద్ధపడింది నా చెల్లెలు. ఆ పుట్టింటివాడు మాత్రం తన తప్పు దాని నెత్తిన రుద్ది, పైగా ఆడపిల్ల అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. జనం ముందు ఏడిస్తే అదొక అవమానమని మింగేశాను, అంత సిగ్గులోనూ నాకు నా పరువే గుర్తొచ్చింది చూడండి.

సాంబశివరావు గారు కరీముల్లా సార్‌ని పిలిచి, రెండో రౌండు ముందు కారు తుడుచుకోవచ్చా అని అడిగారు. తుడుచుకోవడం మీద కూడా రూలు లేదన్నాడాయన. సంచి మీద కప్పి తెచ్చిన తువ్వాలు పాలిష్‌తో తడిసి ముద్దయి ఉంది, దాంతో తుడిస్తే ఇంకా మెరుస్తుంది. అందరూ నా తెల్లచొక్కా వైపు చూశారు. విప్పాను. టీ కొట్టువాడు జాలిపడి గిన్నెలు తోమే సబ్బు, బక్కెట్టు నీళ్ళు ఇచ్చాడు. పెడల్స్ తోమాను, స్టీరింగు తోమాను, సీటు తోమి, ఆరబెట్టి, మళ్ళీ తుడిచాను. టైర్లకి ఇసుక రాసి రుద్దాను. పోటీకి వచ్చిన కుర్రాళ్ళు ఫోన్లు తీశారు. పొద్దున ఫోటోల కోసం ముస్తాబై వచ్చాను కదా, ఫోటోలకి కొదవ లేకుండా పోయింది. తెలిసినవాడొకడు గుంపులోంచి, ఈ షాపు తెనాలిలో ఎక్కడుంటుందో పక్కవాళ్ళకి వివరంగా చెబుతున్నాడు.

రెండో రౌండు వచ్చింది. మామూలుగా మొదటి రౌండులో ట్రాకు అర్థం చేసుకుని, రెండో రౌండులో టైము కొడతారు. దాని మొదటి రౌండుని నేను మింగేశాను కాబట్టి దానికి ఉన్నది ఇదొక్కటే. జెండా ఊపారు. ఆ తర్వాత నేను చూసింది వర్ణించడం నాకు చేతకాదు. కోన్ల పక్కనుంచి తగలకుండా, తగలబోతున్నట్టు, దర్జీ సూది పోయినట్టు పోయింది. గడిలోకి వచ్చి ఎంత చక్కగా ఆగిందంటే సున్నం గీత చెదరలేదు. షామియానాలో అందరికంటే ముందు లేచి నిలబడింది సాంబశివరావు గారే. ఈసారి మోకాళ్ళు సహకరించాయి.

గెలిచిందా అంటారేమో. లేదండి. వడ్లమూడిలో చదువుకునే ఒక కుర్రాడు రెప్పపాటులో సగం తేడాతో మొదటివాడయ్యాడు. మా హేమది రెండో స్థానం. ఆ సగం రెప్పపాటు ఎవరి ఖాతాలో పడాలో మైదానంలో అందరికీ తెలుసు.

సాంబశివరావు గారు కోడలి దగ్గరికి వచ్చి తాళం దాని చేతిలో పెట్టారు. ఏడాదికి కాదు, ఎన్నేళ్ళు నడపగలిగితే అన్నేళ్ళూ అన్నారు. రొయ్యల పట్టుబడి ఆపుకునైనా మా అబ్బాయి ఇది చూడాల్సింది అన్నారు. తర్వాత బనీను మీదున్న నన్ను ఒక పక్కకి తీసుకెళ్ళారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది.

"పాలిష్ పెట్టావని నాకు కోపం లేదు అబ్బాయ్. అది తెలియక చేశావు," అన్నారు. "ఆడపిల్ల కదండి అన్నావే, అది తెలిసే అన్నావు. నేను నమ్మాను కూడా. నీ మాట పట్టుకుని ఆ పిల్ల చేతిలోంచి తాళం లాక్కున్నాను. ఇప్పుడు ఇద్దరం సిగ్గుపడాలి."

వాళ్ళిద్దరూ కారులో రేపల్లె వెళ్ళిపోయారు. హేమ రమ్మంది, తెనాలిలో దింపుతానంది. నేనే ఎక్కలేదు. బాపట్ల స్టేషనులో తడి చొక్కా తొడుక్కుని రైలెక్కితే, పక్కనున్న పెద్దాయన వాసన చూసి, పెళ్ళినుంచి వస్తున్నావా బాబూ అని అడిగాడు. అవునండి అన్నాను. ఇంకేం చెప్పను?

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా, తెనాలి కార్ల అలంకరణ వర్తకుణ్ణయిన నేను నిండు మనసుతో చేస్తున్న ప్రమాణం ఇది. నా జన్మలో మళ్ళీ ఏ కారు స్టీరింగుకీ, బ్రేకుకీ, నేల తాకే టైరుకీ మెరుగు పెట్టను. పెళ్ళికొడుకు కాళ్ళు పట్టుకున్నా పెట్టను. పందెం రోజున తాడుకి అవతలే నిలబడతాను, సంచి తీసుకురాను. మా చెల్లెలు తప్పు చేసిందని అనడానికి నోరు తెరవబోతే, ముందు నా చేతులు వాసన చూసుకుంటాను.